బాటపక్క మొక్క మన అమానత్

నహ్మదుహూ వ నుసల్లీ అలా రసూలిహిల్ కరీమ్. అమ్మా బాద్!

సకల స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. భూమిని మనకు నివాసంగా చేసినవాడు, మేఘాలను నడిపించి ఎండిన నేలకు మళ్లీ ప్రాణం పోసేవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

గౌరవనీయులైన పెద్దలారా, ప్రియ సోదరులారా! ఇళ్లలో మైకు ద్వారా ఆలకిస్తున్న తల్లులారా, సోదరీమణులారా!

మృగశిర కార్తె ప్రవేశించింది. తొలకరి జల్లులు పడ్డాయి. ఏటా ఈ రోజుల్లోనే పురపాలక సంఘం వారు వార్డు వార్డుకూ మొక్కలు పంపుతారు. బాటల వెంట గుంతలు తవ్విస్తారు. ఒక ఉదయం పెద్దలు వచ్చి మొక్కలు నాటి, ఫొటోలు దిగి వెళతారు. మళ్లీ వేసవి వచ్చేసరికి కొన్ని గుంతల్లో మొక్క ఉంటుంది, కొన్నింటిలో ఎండిన పుల్ల ఉంటుంది, మరికొన్నింటిలో టీ కప్పులు, చెత్త ఉంటాయి. తరువాతి తొలకరికి అదే గుంతలో మరో మొక్క నాటుతారు. ఆ మొక్కను తెచ్చింది పురపాలక సంఘం. అది మన దుకాణం ముందు, మన మసీదు గోడ పక్కన ఎండిపోతే రేపు అల్లాహ్ సన్నిధిలో లెక్క చెప్పవలసింది ఎవరు? ఈ శుక్రవారం మేము ఈ ఒక్క ప్రశ్నను ధర్మం వెలుగులో మీ ముందు ఉంచదలిచాము.

సోదరులారా! మొక్కలు నాటడం గురించి మనమందరం ఎరిగిన హదీసు ఒకటి ఉంది. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించగా బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ నమోదైంది. ఒక ముస్లిం చెట్టు నాటినా, పైరు వేసినా, దాని నుంచి పక్షి గానీ, మనిషి గానీ, పశువు గానీ తింటే అది అతని పక్షాన సదఖాగా పరిగణించబడుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ప్రకారం దాని నుంచి దొంగిలించబడినది సైతం అతనికి సదఖాయే. రాళ్లు రువ్వి పిల్లలు రాల్చుకునే నేరేడు పండ్లకు కూడా నాటినవాడి కర్మల చిట్టాలో పుణ్యం రాయబడుతుందన్నమాట.

ఈ బోధనలో రెండు విషయాలను గమనించండి. మొదటిది, ఆ తినే మనిషి మతమేమిటో, ఊరేమిటో ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అడగలేదు. రెండవది, పుణ్యఫలం తినడంతో ముడిపడి ఉంది. పక్షి తినాలంటే చెట్టు కాయాలి, కాయాలంటే బతకాలి. మంచి సంకల్పానికి అల్లాహ్ వద్ద ప్రతిఫలం ఉంటుంది, అందులో సందేహం లేదు. అయితే ఈ హదీసులో శుభవార్త అందుకున్న సదఖా, బతికి నిలిచి ఇతరులకు పనికివచ్చిన చెట్టుది. ఎండిన పుల్ల మీద పిచ్చుకకు తినడానికి ఏమీ దొరకదు.

ఇక హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) వృత్తాంతాన్ని జ్ఞాపకం చేసుకుందాం. ఆయన సత్యాన్ని వెదుకుతూ పర్షియా నుంచి బయలుదేరి, మోసగించబడి, బానిసగా అమ్ముడుపోయి మదీనా చేరారు. యజమాని ఆయనను విడుదల చేయడానికి విధించిన షరతు చాలా బరువైనది: 300 ఖర్జూరపు మొక్కలు నాటి ఇవ్వాలి, 40 ఊఖియాల బంగారం చెల్లించాలి. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సహచరులను పిలిచి, మీ సోదరునికి సహాయపడండని ఆదేశించారు. ఒకరు 30 మొక్కలు తెచ్చారు, ఒకరు 20, ఒకరు 15, మరొకరు 10. ఎవరి శక్తి కొలదీ వారు తెచ్చారు. గుంతలు తవ్వి సిద్ధం చేయమని, అయ్యాక తనకు కబురు చేయమని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సల్మాన్ (రజి)కు చెప్పారు. సహచరులు తవ్వడంలోనూ తోడ్పడ్డారు. ఆ తరువాత ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా వచ్చి తమ శుభహస్తాలతో మొక్కలు నాటారు. ఈ సంఘటనను వివరిస్తూ సల్మాన్ (రజి) ప్రమాణం చేసి చెప్పిన మాట ముస్నద్ అహ్మద్‌లో ఉంది: వాటిలో ఒక్క మొక్క కూడా చనిపోలేదు.

పని ఎలా పంచుకున్నారో చూడండి. మొక్కలు ఇచ్చినవారు కొందరు, మట్టి తవ్వినవారు కొందరు, ఊరంతటికీ నాయకుడైన మహనీయుడు తానే వచ్చి నాటారు. ఎవరి భారం వల్ల ఆ తోట అవసరమైందో ఆ సల్మాన్ (రజి) అందరికంటే ముందు గుంతల దగ్గర నిలబడ్డారు. అందరూ పూనుకున్న ఆ పని ఒక మనిషిని బానిసత్వం నుంచి విడిపించింది. చివరకు ఆయన జ్ఞాపకంలో నిలిచిన లెక్క బతికిన మొక్కల లెక్కే.

సోదరులారా! నేడు మన ప్రభుత్వ చట్టం కూడా ఆ లెక్కనే అడుగుతోంది. తెలంగాణలో 2015 జూలై 3న చిలుకూరులో హరితహారం కార్యక్రమం ప్రారంభమైంది. 230 కోట్ల మొక్కలు నాటి, పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. 2019లో వచ్చిన తెలంగాణ పురపాలక చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసింది. పురపాలక సంఘం తన బడ్జెట్టులో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. వార్డుల్లో నర్సరీలు పెంచాలి. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలి. ఆ బాధ్యతను వార్డు సభ్యుని మీద, అధికారుల మీద పెట్టారు. ప్రతి వార్డులో యువకులతో, మహిళలతో, వృద్ధులతో, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఉండాలని కూడా అదే చట్టం చెప్పింది. ప్రభుత్వాలు మారినప్పుడు కార్యక్రమం పేరు మారవచ్చు. చట్టం ఇచ్చిన హక్కు మాత్రం మన చేతిలోనే ఉంది.

అయితే చట్టం చేయగలిగింది ఎంత? మొక్క ఇస్తుంది, గుంత తవ్విస్తుంది, చుట్టూ కంచె పెట్టిస్తుంది, వీలైనప్పుడు నీళ్ల ట్యాంకరు పంపుతుంది. ట్యాంకరు వచ్చి వెళ్లిన మరుక్షణం మేక వచ్చి ఆకు తుంచితే ట్యాంకరు నడిపే మనిషికి తెలియదు. గాలికి ఊతకర్ర ఒరిగితే కమిషనరుగారికి కనబడదు. ఉదయం షట్టరు ఎత్తే దుకాణదారునికి, ఫజ్ర్ నమాజు ముగించుకుని వెళ్లే పెద్దమనిషికి, మక్తబ్‌కు వచ్చే పిల్లవాడికి కనబడుతుంది. బాటపక్క మొక్కకు మొదటి రెండు మూడు వేసవులే గండం. ఆ గండం దాటించే కళ్లు, చేతులు ఆ వీధిలో నివసించేవారివే. ఒక వస్తువును మన దగ్గర ఉంచి, దానిని చూసుకోగలిగిన స్థితిలో మనలను ఉంచితే, ధర్మం దానిని అమానత్ అంటుంది. అమానత్ విషయంలో విశ్వాసిని తప్పక ప్రశ్నించడం జరుగుతుంది.

కొందరు సోదరులు అంటారు: “మౌలానా! మేము పన్ను కడుతున్నాం, అది మునిసిపాలిటీ పని.” నిజమే, అది వారి పనే. వారు చేయకపోతే అడగడం మన హక్కు. కానీ బాట మీద ముల్లు కనబడినప్పుడు తీసివేయమని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఉపదేశించినప్పుడు, ఆ బాట ఎవరి అజమాయిషీలో ఉందో చూడమనలేదు. దారికి అడ్డంగా ఉన్న ముళ్ల కొమ్మను తొలగించిన ఒక మనిషి పాపాలను అల్లాహ్ క్షమించాడని బుఖారీ, ముస్లిం హదీసులు తెలుపుతున్నాయి. బాట నుంచి బాధను తొలగించినందుకే అంత కరుణ లభిస్తే, ఆ బాట మీద బాటసారికి నీడ సమకూర్చినవాడిని అల్లాహ్ ఎలా సత్కరిస్తాడో ఊహించండి.

మరికొందరి ఆవేదన వేరు: “మొక్కలన్నీ పెద్ద రోడ్లకే వెళతాయి, మన బస్తీల వైపు ఎవరూ చూడరు.” ఈ మాటలో బాధ ఉంది, కొన్ని చోట్ల నిజం కూడా ఉంది. దానికి మార్గం మౌనం కాదు. వర్షాలకు ముందే మసీదు కమిటీ తరఫున, వీధి పెద్దలందరి సంతకాలతో, ఎక్కడెక్కడ ఎన్ని గుంతలు తవ్వవచ్చో రాసి కమిషనరుగారికి అర్జీ ఇవ్వండి. వార్డు కమిటీలలో చేరండి. మన ఇరుగుపొరుగు హిందూ సోదరులను, క్రైస్తవ సోదరులను కలుపుకొని వెళ్లండి, ఎందుకంటే వీధి అందరిదీ. నిరుడు ఇచ్చిన మొక్కలు పచ్చగా నిలబడి ఉన్న వీధి అర్జీకి బలం ఎక్కువ. చాలాకాలంగా మనం ఆ కార్యాలయం మెట్లు ఎక్కేది నల్లా రాలేదనో, మోరీ పొంగిందనో చెప్పుకోవడానికే. ఈసారి ఇంతమందిమి పనిచేస్తాము, ఇన్ని మొక్కలు ఇవ్వండని అడగడానికి వెళదాం.

ఇంకో అభ్యంతరం కూడా వింటాము: తాగడానికే నీళ్లు చాలనప్పుడు మొక్కలకు ఎక్కడివి అని. దీనికి జవాబు మన వుజూఖానాలోనే ఉంది. వుజూ చేసిన నీళ్లు తిరిగి వుజూకు పనికిరావు. అయితే హనఫీ ఫిఖ్‌హ్‌లో ఫత్వా ఇవ్వబడే అభిప్రాయం ప్రకారం అవి అశుద్ధమైనవి కావు. మొక్కలకు పోయడానికి ఎలాంటి అభ్యంతరమూ లేదు. రోజుకు అయిదు పూటలా ఆ నీళ్లు మోరీలోకి పోతున్నాయి. ఒక చిన్న కాలువనో, గొట్టాన్నో మళ్లించి, గోడ పక్కన ఒక తొట్టి కట్టుకుంటే మసీదు నుంచి చౌరస్తా వరకూ ఉన్న మొక్కలకు వేసవిలో దప్పిక తీరుతుంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. మన కొలతలో అది దాదాపు ఒక లీటరుకు మించదు. మన నల్లా కింద ఎన్ని లీటర్లు పోతున్నాయో ఒకసారి బకెట్టు పెట్టి చూసుకోండి. నల్లా కట్టివేయడం సున్నత్, పారిన నీటిని మొక్కకు చేర్చడం సదఖా.

ఇక నరికేవారి సంగతి. మాట కటువుగా ఉన్నా, ఈ మింబర్ మీద నిలబడి చెప్పక తప్పదు. దుకాణం బోర్డు కనబడటం లేదని రాత్రివేళ కొమ్మలు నరికించేవారున్నారు. మొదట్లో వేడినీళ్లు పోయించేవారున్నారు. ఫ్లెక్సీల కోసం కాండానికి మేకులు కొడతారు, మొదలు దగ్గర చెత్త తగలబెడతారు, ఇంటి ముందు సిమెంటు వేయిస్తూ కాండం దాకా పూడ్చివేస్తారు. బక్రీద్ రోజుల్లో ఖుర్బానీ మేక కోసం బాటపక్క చెట్ల కొమ్మలు విరుచుకుపోతారు, మేకను మొక్క కంచెకే కట్టేస్తారు. ఆరాధన కోసం పెంచుతున్న మేకకు పదిమంది సొత్తును మేపడం ఎలా సమ్మతమవుతుందో ఆలోచించండి.

సునన్ అబూ దావూద్‌లో రేగిచెట్టును నరికేవాని గురించి కఠినమైన హెచ్చరిక ఉంది. దానిని వివరిస్తూ ఇమామ్ అబూ దావూద్ (రహ్మలై) ఇలా తాత్పర్యం చెప్పారు: బయలు ప్రదేశంలో ఉండి, బాటసారులు, పశువులు నీడ పొందే చెట్టును ఏ హక్కూ లేకుండా, అన్యాయంగా నరికేవాడికి ఆ హెచ్చరిక వర్తిస్తుంది. జనం నీడ పొందే చోట మలవిసర్జన చేయడం శాపానికి కారణమయ్యే పనులలో ఒకటని మరో హదీసు హెచ్చరించింది. నీడను మలినం చేయడమే ఇంత ఘోరమైతే, నీడనే లేకుండా చేయడాన్ని ఏమనాలి? హజ్రత్ అబూబక్ర్ (రజి) సైన్యాన్ని సాగనంపుతూ ఇచ్చిన ఆదేశాలలో, పండ్లనిచ్చే చెట్లను నరకవద్దన్నది ఒకటి. యుద్ధభూమిలో శత్రువు చెట్టుకు లభించిన రక్షణ, శాంతికాలంలో మన వీధి చెట్టుకు లభించవద్దా?

దేశ చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం చెట్టు నరకడానికి ముందు అనుమతి పొందాలి. కాండం చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తొలగించాలని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ అధికారులను ఆదేశించింది. వేరుకు గాలి, నీరు అందాలన్న ఆ నియమం మన వీధి చెట్లకూ అవసరమే. విద్యుత్ తీగలకు కొమ్మ తగులుతుంటే సంబంధిత కార్యాలయానికి తెలియజేసి కత్తిరింపజేయండి. బోర్డు కనబడటం లేదని బెంగపడే సోదరునికి మేము చెప్పేది ఒక్కటే: రిజ్ఖ్ ఇచ్చేవాడు అల్లాహ్. ఎండన పడి వచ్చిన మనిషి చెట్టు నీడ ఉన్న దుకాణం ముందే కాసేపు నిలబడతాడు.

ఏ మొక్క నాటాలన్నది కూడా ఆలోచించి అడగండి. కొన్నేళ్ల క్రితం త్వరగా పచ్చబడుతుందని రోడ్ల వెంట కోనోకార్పస్‌ను విస్తారంగా నాటారు. దాని వేళ్లు మోరీల్లోకి, నీటి గొట్టాల్లోకి చొచ్చుకుపోతున్నాయని, పుప్పొడి వల్ల శ్వాసకు ఇబ్బంది కలుగుతోందని ఫిర్యాదులు వచ్చాయి. తరువాత తెలంగాణలో దానిని నాటవద్దని ఆదేశించారు. మన నేలకు అలవాటైన వేప, కానుగ, నేరేడు, చింత అడగండి. తీగల కింద ఎత్తు పెరగని జాతులను అడగండి. రావిచెట్టు వారిది, ఖర్జూరం మనది అనే మాట ధర్మంలో లేదు. చెట్లన్నీ అల్లాహ్ సృష్టి. ప్రతి సృష్టీ తనదైన రీతిలో ఆయనను స్తుతిస్తుందని మనం విశ్వసిస్తాము.

మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రిని మీలో చాలామంది చూసి ఉంటారు. ఆ మర్రి వయసు దాదాపు 700 ఏళ్లని చెబుతారు. మూడెకరాల మేర ఊడలు దిగి విస్తరించింది. అంతటి మహావృక్షానికీ చెద పట్టి, 2017 చివరలో కొమ్మలు విరిగిపడ్డాయి. సందర్శకులను ఆపివేసి, 2018లో రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలు వేలాడదీసి బొట్టు బొట్టుగా మందు ఎక్కించారు. అధికారులు, కార్మికులు ఓపికగా కనిపెట్టుకుని ఉండటం వల్ల అది కోలుకుంది. 700 ఏళ్ల చెట్టుకే కనిపెట్టుకుని ఉండే మనుషులు కావలసివస్తే, నిరుడు నాటిన మొక్క తనంత తానే బతుకుతుందని ఎలా అనుకుంటాం?

కనుక సోదరులారా, ఈ రోజు మసీదు నుంచి వెళ్లేముందు కొన్ని పనులు నిశ్చయించుకుందాం. మసీదు గుమ్మం నుంచి చౌరస్తా వరకు ఉన్న మొక్కలన్నింటినీ కమిటీవారు ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఒక్కొక్క మొక్కను ఒక ఇంటికో, దుకాణానికో అప్పగించాలి. కంచె మీద ఎవరి పేరూ రాయనవసరం లేదు, పేరు అల్లాహ్ వద్ద ఉంటే చాలు. ప్రతి నెలా మొదటి శుక్రవారం అస్ర్ నమాజు తరువాత ఇద్దరు యువకులు నడిచి వెళ్లి బతికినవి ఎన్నో లెక్కించాలి. చనిపోయినదాని సంగతి ఆ వారంలోనే పురపాలక సిబ్బందికి తెలిపితే, వర్షాలు ఉండగానే మరో మొక్క తెప్పించుకోవచ్చు. మక్తబ్ పిల్లలకు కనీసం రెండు మొక్కలు అప్పగించండి. చెట్టు పెరిగి కాయలు కాస్తే అది నాది అనకండి. అందరి కోసం వదిలిపెట్టండి, మన మరణానంతరం కూడా సదఖా జారియాగా నిలుస్తుంది. మూడు వేసవులపాటు ఈ పని సాగాలి. అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన ఆచరణ, కొద్దిదైనా నిరంతరం సాగేదేనని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. రోజుకు ఒక చెంబు నీళ్లు కొద్దిపాటి ఆచరణే.

చేతిలో మొక్క ఉండగా ప్రళయ ఘడియ వచ్చినా, వీలుంటే దానిని నాటివేయమని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఉపదేశించారు. నీడ తాను చూడబోనని తెలిసినవాడికే ఈ ఆదేశం ఉంటే, ముందు ఎన్నో వేసవులు గడపవలసిన పిల్లలున్న మనకు ఎంత బాధ్యత ఉందో ఆలోచించండి. మిట్ట మధ్యాహ్నం తోపుడుబండి నెట్టుకుంటూ వచ్చే పండ్లమ్మేవాడికి, చంటిబిడ్డతో బస్సు కోసం నిలబడిన తల్లికి, ఎండాకాలపు రోజా ఉన్న ఆటో సోదరునికి ఆ బాట మీద దొరికే ఆసరా చెట్టు నీడ ఒక్కటే. ఇతర ఏ నీడా లేని ఆ దినాన అల్లాహ్ తన అర్ష్ నీడలో మనకు చోటు ఇవ్వాలని కోరుకునేవారం, ఈ లోకంలో ఆయన దాసులకు నీడ కల్పించడంలో వెనుకాడకూడదు. భూమి తనపై జరిగినదంతా సాక్ష్యం చెప్పే రోజు ఒకటి రానున్నది. మన వీధి మట్టి ఆ రోజు మనకు అనుకూలంగా పలకాలి.

యా అల్లాహ్! మాకు అప్పగించిన అమానత్‌లను కాపాడే భాగ్యం ప్రసాదించు. మా పట్టణాలపై కరుణతో కూడిన వర్షం కురిపించు, కరువు నుంచి, వరద నుంచి మమ్ము కాపాడు. మా వీధులను ఊడ్చే, మొక్కలకు నీళ్లు పోసే పారిశుద్ధ్య కార్మికులకు ఆరోగ్యాన్ని, వారి జీవనోపాధిలో శుభాన్ని ఇవ్వు. మా పాలకులకు న్యాయబుద్ధిని ఇవ్వు. మా ఇరుగుపొరుగుతో మా హృదయాలను కలుపు. మేము నాటేవాటిని బతికించు, వాటి నీడను మా తల్లిదండ్రులకు, మాకు, మా సంతానానికి సదఖా జారియాగా స్వీకరించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహూ.